కేకు ప్రకారం కెప్టెన్

ఓరిన్ ట్వెయిట్‌కు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే: భోజనాల వరసలో అందరికన్నా వెనక నిలబడాలి.

బయటివారికి ఇది వైరాగ్యంలా కనిపించవచ్చు. అమెరికాలోని నార్త్ డకోటాలో, హాల్‌స్టెన్ ఊరి గార్డు దళమనే రాష్ట్రపు పార్ట్‌టైమ్ సైన్యంలో మాత్రం ఇది పచ్చి రాజ్యకాంక్ష. నెలకొక వారాంతం ఇంటి పనులు మానుకుని, యూనిఫాం తొడుక్కుని కవాతుకు వచ్చే ఆ ఇంజనీరు కంపెనీలో సిపాయిలు ముందు తినాలి, సార్జెంట్లు తరవాత, అధికారులు ఆఖరున. అధికారులలోనూ ఎవరి హోదా పాతదైతే వారు వెనక్కి జరగాలి. అందరి వెనక నిలబడి, గిన్నెలో మిగిలిందో లేదో కూడా తొంగిచూడకుండా గంభీరంగా ఉండగలిగిన మనిషే ఆ పూటకు ఏలిక.

కంపెనీ నాయకుడు వరసలో నిలబడే అలవాటు లేనివాడు గనుక, గత నాలుగేళ్లుగా ఆ చివరి చోటు కెప్టెన్ డెల్ఫిన్ బెల్గార్డ్‌ది. ఆమెకు సరిగ్గా ముందు చోటు కెప్టెన్ ఓరిన్‌ది. ఆమెకన్నా వయసులో ఎంతో పెద్దవాడై ఉండి, ఆమె బడికి పోతున్న రోజుల్లోనే ఇదే కంపెనీలో మామూలు సిపాయిగా పార పట్టినవాడై ఉండి, ఆమెకన్నా ముందు వేడివేడి భోజనం తినవలసి రావడం ఆయనకు మింగుడుపడేది కాదు. అలాగని పళ్లెంలో ఏనాడూ ఏమీ వదిలిందీ లేదు.

ఇందులో తప్పు డెల్ఫిన్‌ది కాదు, ఓరిన్‌ది కాదు. ఒక నియమానిది. నియమాలకు ముఖం ఉండదు కాబట్టి ఓరిన్ కోపం నిలవడానికి చోటు దొరక్క ఇన్నేళ్లూ తిరుగుతూనే ఉంది. ఏడేళ్ల కిందట ఒక అక్టోబరులో రాష్ట్రం ఆయనను కెప్టెన్‌ను చేసింది. దళం హాల్లో అందరి ఎదుటా భార్య లోర్నా ఆయన ఛాతీ మీద కొత్త బిళ్ల తగిలించింది, కేకు కోశారు, కల్నల్ చేయి కలిపాడు. అయితే రాష్ట్రం ఇచ్చిన హోదాను వాషింగ్టన్ ఒప్పుకుంటేనే అది లెక్కలోకి వస్తుంది. అంతవరకు అటువంటి జాబితాల మీద ఏదో నడిమి మెట్టు అధికారి సంతకం సరిపోయేది. సరిగ్గా ఆ శరత్కాలంలోనే నియమం మారి, సంతకం పై మెట్టుకు ఎక్కింది. ఓరిన్ పేరు ఆ మెట్లన్నీ ఎక్కి దిగివచ్చేసరికి జూన్ వచ్చింది. కెప్టెన్‌గా ఆయన పుట్టింది జూన్‌లో అని రాసుకున్నారు. ఈలోగా ఫిబ్రవరిలో, పూర్తికాలపు సైన్యంలో ఎక్కడో ఉన్న డెల్ఫిన్ ఏ చిక్కూ లేకుండా కెప్టెన్ అయి, కొన్నేళ్లకు స్వరాష్ట్రానికి తిరిగివచ్చి, ఊళ్లు ఇన్ని ఉండగా హాల్‌స్టెన్‌లోనే చేరింది.

“కేకు ప్రకారం మీరు పెద్ద సర్, కాయితం ప్రకారం ఆవిడ పెద్ద,” అని తీర్పు చెప్పాడు ఫస్ట్ సార్జెంట్ వెంట్జ్. ఒకే రోజున ఓరిన్‌తో పాటు సిపాయిగా చేరినవాడు గనుక, ఆయనను ‘సర్’ అంటూనే ఏమైనా అనగల హక్కు అతనికి ఉంది.

ఓరిన్ అసలు వృత్తి నదిని కొలవడం. హాల్‌స్టెన్ వంతెన స్తంభానికి బిగించిన కొలబద్దను చూసి, రెడ్ రివర్ ఎంత ఎత్తున పారుతున్నదో, రేపు ఎంత ఎక్కుతుందో చెప్పడం. ఆయన చెప్పే కథ ఒకటి ఉంది. ఒకప్పుడు ఆ కొలబద్ద సున్నాను ఒక అడుగు కిందికి దించి సరిచేశారు. మర్నాడు పత్రికలో నది మట్టం ఒక అడుగు ఎక్కువ పడింది. రైతులు లబోదిబోమంటూ ఫోన్లు చేశారు. “నది పెరగలేదు నాయనా, సున్నా దిగింది!” అని ప్రతి ఒక్కరికీ చెప్పలేక గొంతు పోయిందని ఓరిన్ ప్రతి కవాతులోనూ, ప్రతి పెళ్లిలోనూ, ఒకసారి చావింట్లోనూ చెప్పాడు. మనుషులు అంకెను చూసి భయపడతారుగాని అంకె ఎక్కడ మొదలైందో చూడరన్నది ఆయన సిద్ధాంతం. తాను మనుషులలో ఒకడినన్న సంగతి ఆ సిద్ధాంతంలో ఎక్కడా చేర్చలేదు.

రెండేళ్ల కిందట నియమం మళ్లీ మారింది. ఆలస్యం అధికారుల దోషం కాదు కనుక, ఆ కాలంలో ఇరుక్కున్నవారు అర్జీ పెట్టుకుంటే తేదీలు సరిచేస్తామన్నారు. ఓరిన్ హేతువాది. రాశిఫలాలను, అదృష్టపు మేజోళ్లను, ఓడిపోతున్న జట్టు కోసం చేసే ప్రార్థనలను నమ్మడు. ఆధారాన్ని నమ్ముతాడు. అందుచేత అర్జీకి రాష్ట్ర ఉత్తర్వు జోడించాడు. ఆలస్యం ఎలా పెరిగిందో చూపే రేఖాచిత్రం గీసి జోడించాడు. చివరగా, కేకు ఫొటో కూడా జోడించాడు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది: ‘అర్జీదారు జతపరచిన మిఠాయి ఛాయాచిత్రము పరిశీలనకు స్వీకరించబడలేదు.’

“ఆ కేకు చేసింది నేను,” అంది లోర్నా. “సాక్షిగా పిలవమను, వెళ్తా.”

“ఇది నవ్వులాట కాదు లోర్నా. తేదీ అనేది ఒక వాస్తవం. ఆ రోజు నేను కెప్టెన్నా, కాదా?”

“ఆ రోజు నువ్వు నాలుగు ముక్కలు తిన్నావు. అది వాస్తవం.”

ఆధారం అంటే ఏమిటి, వస్తువుకూ దాని ఛాయాచిత్రానికీ గల సంబంధం ఎటువంటిది అన్న విషయం మీద ఓరిన్ సుదీర్ఘంగా ఒక ప్రత్యుత్తరం రాశాడు. దానికి అనుబంధం రాశాడు. అనుబంధానికి వివరణ రాశాడు. ఇవన్నీ రాసింది ఇంటి నేలమాళిగలోని గదిలో. అక్కడ ప్రింటరు కాస్త పల్లంగా ఉన్నదని, దాని కింద ఒక అట్టపెట్టెను పీటలా వేసుకున్నాడు. కెప్టెన్లు మేజర్లు కావాలంటే పూర్తిచేయవలసిన కోర్సు పుస్తకాలు ఆ పెట్టెలో ఉన్నాయి. ఎత్తు అమరినట్టుగా అమరింది.

“ఆ పెట్టె ఎప్పుడు విప్పుతావు?” అని లోర్నా అడిగింది ఒకసారి.

“ముందు తేదీ తేలనీ. ఒకటి తేలాక ఇంకొకటి. అదీ శాస్త్రీయ పద్ధతి.”

ఈ చలికాలంలో కంపెనీ నాయకుడు పై కార్యాలయానికి బదిలీ అయ్యాడు. మిగిలింది ఇద్దరు కెప్టెన్లు. కల్నల్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట తేల్చేశాడు. “ఈసారి ఏప్రిల్ వరదలు అయ్యేలోగా కంపెనీని ఒకరికి ఖాయం చేసేస్తా. ఎవరి తేదీ ముందుంటే వాళ్లకే. నా దగ్గరికి పంచాయితీలు తేవద్దు.” అప్పటికి ముందున్న తేదీ డెల్ఫిన్‌ది గనుక అంతదాకా పగ్గాలు ఆమె చేతికి వెళ్లాయి. పార పట్టిన కంపెనీకి ఒక్కసారైనా నాయకుడిని అనిపించుకోవాలన్న ఓరిన్ ఆశ, వాషింగ్టన్‌లో ఎవరి బల్ల మీదనో దుమ్ము పట్టి ఉంది.

ఏప్రిల్ వచ్చింది. ఉత్తరానికి పారే నది కావడం చేత ఎగువన మంచు కరిగింది, దిగువన గడ్డకట్టే ఉంది. నీళ్లకు పోయే దారి లేక పొలాల మీదికి వచ్చాయి. ఎన్ని అడుగులు ఎక్కుతుందో ఓరిన్ ఊరికంతటికీ చెప్పాడు. తన ఇంటి నేలమాళిగలోకి ఎన్ని అంగుళాలు ఊరుతుందో లోర్నాకు ప్రత్యేకంగా చెప్పాడు. గవర్నరు గార్డు దళాన్ని పిలిచాడు. ఓరిన్ కొలబద్దను సహోద్యోగులకు అప్పగించి, యూనిఫాం తొడుక్కుని, నది ఒడ్డున ఇసుకబస్తాల కట్ట మీద డెల్ఫిన్ ఆజ్ఞల కింద నిలబడ్డాడు.

రెండో రోజు ఉదయం వెంట్జ్ బురదలో ఈదుకుంటూ వచ్చినట్టుగా వచ్చాడు.

“సర్, మీకో శుభవార్త. కెప్టెన్ బెల్గార్డ్‌కో చెడువార్త. రెండూ ఒకటే కాయితం.”

ఓరిన్ చదివాడు. అర్జీ ఆమోదించారు. హోదా తేదీని అక్టోబరుకు మార్చారు. కేకు ఊసు లేదుగాని, తేదీ కేకు తేదీయే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. దాని మీద బురద ఎలాగూ ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డెల్ఫిన్ ఆ కాగితాన్ని నిదానంగా చదివి, తిరిగి ఇచ్చింది. “అంటే ఈ నాలుగేళ్లూ మీరే నాకు పెద్ద.”

“కాగితం అలాగే అంటోంది.”

“మరి నేను మీకిచ్చిన ఆర్డర్లు?”

ఓరిన్ ఆ ప్రశ్నను నిజంగానే ఆలోచించాడు. “ఆ రోజుకి దొరికిన ఆధారాల మేరకు అవి చెల్లుతాయి.”

“హమ్మయ్య. నిన్న పేర్పించిన కట్ట విప్పక్కర్లేదన్నమాట.”

“విప్పమంటే కుర్రాళ్లు నన్ను నదిలోకి గిరాటేస్తారు సర్,” అన్నాడు వెంట్జ్.

కల్నల్ ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేదు. “ట్వెయిట్, కంపెనీ నీది. మంచిది. ముందు ఆ రూబార్బ్ ముసలావిడ సంగతి చూడు.”

డెల్ఫిన్ రేడియో అప్పగించింది, పటం అప్పగించింది, పటం మీద పెన్సిల్‌తో గీసిన ఒక వంపును చూపించింది. ఆర్విల్లా నైగార్డ్ అనే వృద్ధురాలి పెరటిలో పుల్లటి కాడల రూబార్బ్ మొక్కల మడి ఉన్నది. కట్టను అక్కడ కాస్త వంచి, మడిని లోపలికి తీసుకోవాలని తన ఆలోచన అని చెప్పింది. ఓరిన్ పటం వైపు జాలిగా చూశాడు. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ. నాయకుడిగా తన మొదటి ఆజ్ఞ ఇచ్చాడు: కట్ట తిన్నగా వెళ్లాలి.

ఆర్విల్లా ఆ సరళరేఖ మీద, ఇంకా ఆకు వేయని తన మడి నడుమ, కుర్చీ వేసుకుని, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

“ఎవరు నాయనా నువ్వు? నిన్న ఒక అమ్మాయొచ్చింది. పెద్దాఫీసరు.”

“ఇప్పుడు పెద్ద నేనమ్మా.”

“తెల్లారేసరికి పెద్దోడివైపోయావా?”

“లేదమ్మా, ఏడేళ్ల కిందటే అయ్యాను. ఇవాళ తెలిసింది.”

“అయ్యో పాపం. మా ఆయనకీ అంతే. షుగరున్నట్టు ఏడేళ్లకిగానీ తెలీలేదు.”

ఓరిన్ ఓపికగా వివరించాడు. కట్ట వంగితే పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే బస్తాలు పెరుగుతాయి. నీటికి రూబార్బ్ మీద ప్రేమా లేదు, పగా లేదు. దానికి తెలిసింది పల్లం ఒక్కటే. ఆమె శ్రద్ధగా విన్నది. మధ్యలో ఒకసారి తల కూడా ఊపింది.

“లెక్క బాగుంది నాయనా. బాగా చదువుకున్నావు. ఈ దుంపలు మా అత్తగారు పాతినవి. నేను కుర్చీలోంచి లేవను. నా చుట్టూ కట్టుకుంటావో, నా మీద కట్టుకుంటావో నీ ఇష్టం.”

నది ఎక్కుతూనే ఉంది. సిపాయిలు బస్తాలు భుజాన వేసుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డారు. ఓరిన్ కుర్చీ వైపు, పటం వైపు, మళ్లీ కుర్చీ వైపు చూశాడు. ఆ తరవాత కట్ట వంగింది. పెన్సిల్ గీత ఉన్నచోటే వంగింది. సరళరేఖ కోసం పోగొట్టుకున్న సమయాన్ని పూడ్చడానికి కొత్త నాయకుడు స్వయంగా బస్తాలు మోశాడు. వెంట్జ్ పక్కనే నడుస్తూ, “మీ హయాం బాగా సాగుతోంది సర్,” అన్నాడు.

మధ్యాహ్నానికి నీరు కట్టను తాకి ఆగింది. మెరక మీది లూథరన్ చర్చిలో భోజనాలు పెట్టారు. వడ్డించే ఆడవాళ్లలో లోర్నా ఉంది. పెద్ద పెద్ద గిన్నెలలో హాట్‌డిష్: అడుగున కీమా, పైన ఎర్రగా కాలిన బంగాళాదుంప ముక్కలు. సిపాయిలు తీసుకున్నారు. సార్జెంట్లు తీసుకున్నారు. డెల్ఫిన్ ఒక అడుగు పక్కకు జరిగి, చేయి చాపి దారి చూపింది. “మీ చోటు, సర్.”

నాలుగేళ్ల కోరిక తీరింది. ఓరిన్ వెళ్లి అందరి వెనక నిలబడ్డాడు. గిన్నె వైపు చూడకుండా గంభీరంగా ఉండడానికి ప్రయత్నించాడు. ఆకలి మీద ఉన్న మనిషికి అది అనుకున్నంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. డెల్ఫిన్ నాలుగేళ్లుగా దీనినెలా చేసిందో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

వరస మెల్లగా కదులుతూ ఉండగా ఆమె వెనక్కి తిరిగింది. “ఒకటడగనా ఓరిన్ గారూ? మేజర్ల కోర్సు ఎప్పుడు పూర్తి చేశారు?”

“మొదలుపెట్టలేదు. తొందరేముంది? మన పేర్లు మేజర్లని ఎంచే బోర్డు ముందుకి పోయేది వచ్చే ఏడాదేగా.”

“నాది వచ్చే ఏడాది. ఫిబ్రవరి దాన్ని కదా. ఈ ఏడాది బోర్డు అంతకు ముందు డిసెంబరు దాకా కెప్టెన్లయిన వాళ్లని చూస్తుంది.” ఆమె ఆగింది. “అక్టోబరు వాళ్లని ఈ ఏడాదే.”

ఓరిన్ మనసులో నెలలు లెక్కపెట్టాడు. జూన్‌లో పుట్టిన కెప్టెన్‌కు ఇంకా ఏడాది పైన గడువు ఉండేది. అక్టోబరులో పుట్టిన కెప్టెన్‌ను ఈ శరత్కాలంలోనే తూకం వేస్తారు. కోర్సు లేనివాడిని పక్కన పెడతారు. మరుసటి ఏడు కూడా పక్కన పెడితే యూనిఫాం మడిచి ఇచ్చి ఇంటికి పొమ్మంటారు. కంపెనీ ఉండదు, వరస ఉండదు, వెనకా ఉండదు. ఈ నియమం ఆయనకు తెలియనిది కాదు. కొత్త సిపాయిలకు తానే చెప్పేవాడు. తన రేఖాచిత్రంలో అక్టోబరు నుంచి జూన్ వరకు ప్రతి మలుపునూ గీశాడుగాని, జూన్ తరవాత గీత ఎటు పోతుందో గీయలేదు. ఒక కొసను పట్టి లాగితే రెండో కొస కూడా కదులుతుందని, బతుకంతా కొలతలతో గడిపినవాడికి తోచలేదు.

“మీ కథ ఒకటుంది కదా,” అంది డెల్ఫిన్. “నది పెరగలేదు...”

“సున్నా దిగింది,” అని పూర్తిచేశాడు వెంట్జ్, పక్క బల్ల దగ్గర నిండు నోటితో.

ఓరిన్ నవ్వడానికి కొంత సమయం పట్టింది. ఆ రైతులలో ఒకరిద్దరికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలేమోనని కూడా అనిపించింది.

“ఇంకో అర్జీ పెట్టుకోవచ్చు,” అంది ఆమె. “ఈ ఏడాది నన్ను చూడొద్దు అని. మీకు చెయ్యి తిరిగిందేగా.” గొంతులో నవ్వు ఉంది. ఆ మీదట నవ్వు తగ్గింది. “నాకూ ఈ కంపెనీ కావాలనుండేది. తేదీ ప్రకారం మీకొచ్చింది, సరే. కానీ వచ్చే ఏడాది నేను మేజర్నై, మీరింకా కెప్టెన్‌గానే ఉంటే, ఆ కేకు మిమ్మల్ని కాపాడలేదు. ముందే చెప్తున్నా.”

“న్యాయమే,” అన్నాడు ఓరిన్. అంటూ ఉండగానే కొత్త అర్జీ మొదటి వాక్యం మెదడులో తనంతట తాను తయారైంది. రెండోది కూడా వస్తూ ఉంది. మంచి వాక్యాలు. వాటిని చూసి ఆయన కొంచెం భయపడ్డాడు.

ఆయన వంతు వచ్చేసరికి గిన్నెలో ఏమీ లేదు. లోర్నా గరిటె తిప్పి, అడుగున మాడి అంటుకున్న పెచ్చును గీకి పళ్లెంలో వేసింది.

“అక్టోబరు నుంచీ కెప్టెన్ అయ్యావటగా. వెంట్జ్ చెప్పాడు. తిను.”

“లోర్నా, మన బేస్‌మెంటు...”

“నీళ్లొచ్చాయి. నువ్వు మూడంగుళాలన్నావు. మోకాళ్ల దాకా వచ్చింది.”

ఊరికంతటికీ సరిగ్గా చెప్పిన మనిషి తన ఇంటి దగ్గర తప్పాడు. ఓరిన్ దానిని గురించి వాదించలేదు. “ప్రింటరు?”

“పైకి తెచ్చా. దాని కింద పెట్టె కూడా తెచ్చా. కొత్తగా ఉంది, పాడవనీయడం ఎందుకని. నీ అర్జీల నకళ్లున్న బీరువా నావల్ల కాలేదు. వదిలేశా.”

రేఖాచిత్రం, అనుబంధం, అనుబంధపు వివరణ, కేకు ఫొటో అన్నీ ఇప్పుడు రెడ్ రివర్‌లో భాగం. తనకు కోపం రావాలి కదా అని ఓరిన్ లోపల వెతికి చూసుకున్నాడు. రాలేదు. దానికి కారణం ఆకలి కావచ్చు. నిర్ధారించడానికి తగిన ఆధారం లేదు.

“పెట్టె ఎక్కడ పెట్టావు?”

“వంటింట్లో, భోజనాల బల్ల మీద. నువ్వు విప్పేదాకా ఆ బల్ల మీద ఇంకేం పెట్టను. నీ ఇష్టం.”

ఆయన మాడిన పెచ్చుతో వెళ్లి డెల్ఫిన్ పక్కన కూర్చున్నాడు. దానిని కొరకడానికి పళ్లు గట్టివి కావాలి. ఆమె తన పళ్లెంలోంచి మెత్తటి ముక్క ఒకటి తీసి, అడగకుండానే ఆయన పళ్లెంలోకి జరిపింది.

“ఆ కోర్సు... బోర్డు లోపల అవుతుందా?”

“రోజూ కూర్చుంటే అవుతుంది. అర్జీకి కూర్చున్నట్టు కూర్చుంటే.”

“ఎలా ఉంటుంది?”

“మొదటి పుస్తకానికి నిద్రొస్తుంది. రెండోది ప్రమోషన్ తేదీలు, వాటి రూల్సు.”

“అది నాకు నోటికొచ్చు,” అన్నాడు ఓరిన్.

పక్క బల్ల దగ్గర వెంట్జ్‌కు కాఫీ పొలమారింది.